వాద్యం: కత్తి

ఎం.ఏ. రెండో ఏడు, నాలుగో పేపరు.
సంగీత చరిత్ర, జానపద విజ్ఞానం
రెండూ కలిపి ఒకటే పేపరు, ఒకటే మేడమ్.
ఆ మేడమ్‌ని నేనే.
జీతం కాదు, గంటకింతని లెక్క.
కాకుటూరులో బస్సు దిగి
లారీలు తగ్గిందాకా ఆగి హైవే దాటుతుంటే
నా సంచిలో ఇరవైరెండు శ్రుతులూ
టిఫిను డబ్బాకి ఒరిగి కూచుంటాయి.

సంగీత చరిత్రకు తేదీలున్నాయి.
ఏ రాజు కొలువులో ఏ వీణ మోగింది,
మెచ్చి ఎన్ని పుట్ల మాన్యమిచ్చాడు,
బోర్డు చాలదు.
జానపదం దగ్గరికొచ్చేసరికి
కర్త: అజ్ఞాతం. కాలం: తెలియదు.
సుద్దముక్క ఆదా.

పోయిన నెల రికార్డులు దిద్దుతున్నాను.
ఇరవై ఆరు మందిలో ఇరవై ముగ్గురు
ఒకే పుస్తకంలోని ఒకే నాట్ల పాటను
అచ్చుతప్పులతో సహా దించేశారు.
పెంచలయ్య రికార్డు అట్ట మీద మాత్రం
వేలిముద్రలు తళతళమంటున్నాయి.
కొంగుతో తుడిచాను. కొంగుకంటింది.

పాడినవారు: మస్తానమ్మ.
ఊరు: సైదాపురం అవతల.
వయసు: గని మూసేనాటికి పళ్ళన్నీ ఉన్నాయంట.
వృత్తి: అభ్రకం పొరలు తీయడం
(కొట్టేసి, పక్కన) ఇప్పుడేం లేదు.
వాద్యం: కత్తి.

ఆ కత్తి చుట్టూ ఎర్రసున్నా చుట్టి
పిల్లాణ్ణి పిలిపించాను.

"ఊరికే పాడమంటే రాదంది మేడమ్.
చేతులు ఖాళీగా ఉంటే
నోరెట్టా తెరుసుకుంటది నాయనా, అంది.
షెడ్డు కూలిపోయి తుమ్మచెట్లు మొలిచాయి.
దిబ్బ తవ్వి తవ్వి
అరచెయ్యంత కాకిబంగారం బిళ్ళ తెచ్చిచ్చా.
కత్తి ఆమెదే. చూరులో ఉంది.
ఉల్లిగడ్డ తరగడానికి కూడా తియ్యలేదంట."

ఫోను బల్ల మీద పెట్టాడు.

ముందు కత్తి. సర్ర్.
గాలి. ఎవరిదో మేక.
మళ్ళీ సర్ర్.
దాని మీదికి మెల్లగా గొంతు:
"పొర కింద పొరుందె, ఆ కింద పొరుందె,
అడుగు పొరలో మేస్త్రి కన్నుందె..."

అలవాటు కొద్దీ వేళ్ళు మడిచి తాళం పట్టాను.
ఐదు పొరల తర్వాత ఆగింది.
తర్వాత మూడింటికే.
తర్వాత పదకొండు దాకా ఊపిరి తీసుకోలేదు.
లెక్క తప్పుతోందే, అన్నాను.
"తప్పలా మేడమ్.
బిళ్ళ మొండికేసిన చోట పాట ఆగుద్ది.
పొర చిరిగితే కూలి కోసేవాళ్ళంట."

తొమ్మిదేళ్ళుగా నోట్సులో ఒక వాక్యం చెప్పి రాయిస్తున్నాను.
'శ్రమగేయం కష్టాన్ని మరపిస్తుంది.'
పిల్లాడు దాన్నే అడిగాడు, బుద్ధిగా, పుస్తకం భాషలో:
అవ్వా, పాట పాడితే కష్టం మరచిపోయేవారా?
నవ్వు వినబడింది. పొగాకు నవ్వు.
"మర్చిపోతే ఏలు తెగుద్ది అబ్బయ్యా."

పక్క శబ్దాలు వడగట్టాలని నియమం.
దానికి ఐదు మార్కులు విడిగా ఉన్నాయి.
ఇందులో పక్క శబ్దమేదో తేలక
ఆ గడి అట్టే వదిలేశాను.

మర్నాడు క్లాసులో ఆ వాక్యం కొట్టేయమన్నాను.
కొట్టేశారు.
"మరి పరీక్షలో ఏం రాయాలి మేడమ్?"
రెండో బెంచీ సుభాషిణి.
గంట కొట్టారు. నాకు కలిసొచ్చింది.

రికార్డింగు చివర్న ఇంకొంచెం ఉంది.
పిల్లాడు ఆపడం మర్చిపోయినట్టున్నాడు.
చెంబు చప్పుడు, నీళ్ళు తాగిన చప్పుడు,
ఆపైన మస్తానమ్మ:
"ఈ పాటలు చెప్పే మీ మేడానిది
రోజు కూలా, తూకమా?"
"గంటల లెక్క అవ్వా."
"అట్టనా."
సర్ర్.
"మరి సెలవులొస్తే?"

పిల్లాడు ఏమీ అనలేదు.
మేక అరిచింది.